వ్యానులో గృహప్రవేశం

ఆదివారం ఉదయం ఏడింటికి బయలుదేరాలి. పదింటికల్లా కులిమ్ చేరాలి. మధ్యలో టీ కోసం ఒక్కసారి ఆగాలి. పోలయ్య వేసిన పథకం ఇంతే. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుందని శనివారం సాయంత్రం అతను భార్యను మూడుసార్లు అడిగాడు.

అచ్చమ్మ బట్టల సంచీ సర్ది గుమ్మం పక్కన పెట్టింది. మూడేళ్ళలో ఆమె ఆ సంచీ సర్దడం అది పదకొండోసారి. అంతకుముందు పదిసార్లూ మళ్ళీ విప్పి, మడతలు నలిగిన చీరలను బీరువాలోనే పెట్టుకుంది.

కులిమ్‌లో ఆమె అక్క నాగవల్లి ఉంది. మలేసియాలో వాళ్ళుండే హుటాన్ మెలింటాంగ్ నుంచి అదేమంత దూరం కాదు, మూడు గంటల దారి. కానీ నాగవల్లికి కంటి నరం ఎండిపోతోంది. ముందు పక్కచూపు పోయింది, తర్వాత దూరపుచూపు. వెలుతురు బాగుంటే ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మాత్రం ఇంకా కొంతకాలం ఆనుతుందని డాక్టరు చెప్పాడు. ఎంతకాలమో చెప్పలేదు. "బేగి రాయే అచ్చీ, నీ ముఖం ఓపాలి సూసుకుంతాను" అని నాగవల్లి ఫోనులో అంది. అది మూడేళ్ళ కిందటి మాట.

ఆ మాట విన్న నెలలోనే పోలయ్య వ్యాను కొన్నాడు. భార్య మీద ప్రేమతోనే కొన్నాడు, అందులో అనుమానం లేదు. అచ్చమ్మకు మోకాళ్ళ నొప్పులు. చిన్న కారులో గంట కూర్చుంటే దిగడానికి ఇద్దరు పట్టాలి. అదే వ్యాను అయితే కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, పడుకోవచ్చు, దారిలో ఆపి టీ కాచుకోవచ్చు. జపానులో ఎవరో ఒక సరుకుల వ్యానును ఇల్లులా మార్చుకుని, కొన్నాళ్ళు తిరిగి, అమ్మేశారు. అది ఓడెక్కి వచ్చి పక్క ఊరు తెలుక్ ఇంటాన్‌లో ఒక పాతబళ్ళ వ్యాపారి దగ్గర నిలబడి ఉంది. మంచం, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, మడత బల్ల. ఇంజను తిప్పగానే ఒక జపాను ఆడగొంతు మర్యాదగా ఏదో చెబుతుంది. "మంచిమాటే అయ్యుంతాది లా" అని, అక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి, పోలయ్య అంటాడు. షెడ్డులో రెండు బళ్ళకు చోటు లేదు కనుక, శుభ్రంగా నడుస్తున్న కారును అమ్మేశాడు.

తప్పు అక్కడే జరిగింది.

పోలయ్య ముప్పై ఎనిమిదేళ్ళు బాగన్ దాతుక్ దగ్గర ఒక పామాయిలు మిల్లులో ఫిట్టరుగా చేశాడు. యంత్రాన్ని ఆపి, విప్పి, బాగుచేసి అప్పగించడం ఫిట్టరు పని. దాన్ని నడపడం ఆపరేటరు పని. ఇంటికి వ్యాను వచ్చాక ఫిట్టరు ఉన్నాడు గానీ ఆపరేటరు లేడు. తలుపు రబ్బరు పాతబడింది, అది మార్చి వెళ్దామన్నాడు పోలయ్య. ఆ రబ్బరు జపాను నుంచి రావడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత కప్పు మీద సోలారు పలక. సోలారు ఉంది కనుక ఫ్రిజ్. ఫ్రిజ్ ఉంది కనుక రెండో బ్యాటరీ. లోపల నిలబడితే తల తగులుతోందని, మీట నొక్కితే పైకి లేచే కప్పు. బయట కూర్చుంటే ఎండ పడుతుందని, ఇంకో మీట నొక్కితే పక్కకు చాచుకునే గుడ్డ పందిరి. ఇన్ని మార్చాక ప్రభుత్వ తనిఖీ, కాగితాలు. కాగితాలు వచ్చేసరికి మొదటి బ్యాటరీ చచ్చిపోయింది.

"బస్సులో పోదాము లా మావా" అని అచ్చమ్మ మధ్యలో రెండుసార్లు అడిగింది.

"ఇంటికాడ ఇంత బండెట్టుకుని బస్సేటి? నలుగురు నవ్వుతారు."

"బండి కదలకపోతే నవ్వరా?"

"కదుల్తాది. ఇంకొక్క పనుంది, అంతే."

ఆ ఒక్క పని ఎప్పుడూ ఒక్కటే ఉండేది. అదే దానితో వచ్చిన చిక్కు.

ఆదివారం నాడు కూడా ఒక్కటే ఉంది. గ్యాసు లీకైతే కూతపెట్టే అలారం ఒకటి ఇంకా పెట్టెలోనే ఉండిపోయింది. పోలయ్య ఆరింటికి లేచి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పావుగంట పని. ఏడున్నరకు అది పావుగంట పని కాదని తేలింది. తొమ్మిదింటికి అలారం బిగిసింది. దాని చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. పోలయ్య రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి, దాన్ని తృప్తిగా చూసుకున్నాడు.

గోడ మీంచి పక్కింటి పచ్చయమ్మ తల కనబడింది. తల్లి తెలుగు, తండ్రి తమిళం. కోపం వస్తే రెండూ కలిసి వస్తాయి.

"ఐయో అన్నే! ఏడుకి పోతానన్నావు, తొమ్మిదైపోనాది! సంబందం వాళ్ళు తాపా ఊరు దాటేసినారంట!"

ఆ రోజు ఆమె కొడుకు కుగన్‌కు నిశ్చితార్థం. పెళ్ళికూతురు తర్షిణి వాళ్ళు కెడా రాష్ట్రం నుంచి బస్సు కట్టుకుని వస్తున్నారు. పోలయ్య ఏడింటికే వెళ్ళిపోతానని మాటిచ్చాడు కాబట్టి, పచ్చయమ్మ అతని గేటు ముందు దాకా సందంతా కప్పేస్తూ టెంటు వేయించింది. రాత్రి గట్టి వాన పడింది. టెంటు గుడ్డ నడుమ నీళ్ళు నిలిచి, ఈనబోయే గేదె పొదుగులా కిందికి వేలాడుతోంది.

"ఐదు నిమిషాలు పచ్చయమ్మా. ఇంజను తిప్పడమే" అన్నాడు పోలయ్య.

"ఇంజను తరవాత. ముందు పాలు" అంది వెనక నుంచి అచ్చమ్మ.

ఆమె చేతిలో పాల డబ్బా, పసుపు రాసిన గిన్నె ఉన్నాయి.

"పాలేటి?"

"లోపల పొయ్యుంది. మంచముంది. తలుపుకి తాళముంది. ఇది ఇల్లు కాదా? పాలు పొంగించకుండా కొత్తింట్లో పడుకుంతావా? ఎస్టేట్లో కూలోళ్ళ పది అడుగుల లైనింట్లో కూడా మాయమ్మ పాలు పొంగించే అడుగెట్టినాది."

"కొని మూడేళ్ళయినాదే!"

"ఈ మూడేళ్ళలో ఎప్పుడు పడుకున్నావు ఇందులో?"

 పోలయ్య అలారం పెట్టెను మడిచి చెత్తబుట్టలో వేసి, "సరే, కానీ" అన్నాడు.

కానీ పాలు తూర్పుకు పొంగాలి. షెడ్డులో వ్యాను నిలబడిన తీరులో పొయ్యి పడమటి గోడకు వచ్చింది. కాబట్టి పోలయ్య వ్యానును సందులోకి తీసి, వెనక్కీ ముందుకీ ఏడుసార్లు తిప్పి, సరిగ్గా టెంటు నడుమ ఆపాడు. పచ్చయమ్మ గుండె పట్టుకుంది. అయితే పాలు పొంగిస్తున్నారని తెలిశాక వద్దనలేకపోయింది. శుభకార్యానికి అడ్డు చెబితే ఆ దోషం తిరిగి తన ఇంటి శుభానికే తగులుతుంది. అందుకని ఆమె ఇంకో అడుగు ముందుకు వేసి, తన గుమ్మానికి కట్టగా మిగిలిన మామిడాకులు తెచ్చి వ్యాను తలుపుకు కట్టింది. బంతిపూల దండ ఒకటి అద్దం మీద వేసింది.

"పది నిమిషాలే అన్నే! దండం పెడతాను!"

"పదెందుకు? ఎనిమిది చాలు."

పోలయ్య వ్యానులోని మీటలన్నిటినీ, వైరు కలిసొస్తుందని, పొయ్యి కిందే ఒక పెట్టెలో బిగించాడు. కప్పు లేపే మీట, పందిరి చాపే మీట, అన్నీ అక్కడే. పాలు పొంగితే ఏమవుతుందన్న ఆలోచన అతనికి రాకపోలేదు. కానీ ముప్పై నాలుగేళ్ళ కాపురంలో అచ్చమ్మ పొయ్యి మీద పాలు పొంగిపోనివ్వడం అతను ఒక్కసారీ చూడలేదు. పాలు పొంగడం వంటగదిలో జరిగే ప్రమాదం. ప్రమాదాన్ని కావాలని, పసుపు రాసి, దిక్కు చూసి మరీ జరిపిస్తారన్నది ఫిట్టరు బుర్రకు తట్టని విషయం. ఇప్పుడు తట్టింది. అతను ఒక తువ్వాలు మడిచి పెట్టె మీద పరిచాడు.

గిన్నెలో సగానికి పాలు పోసింది అచ్చమ్మ. "అరకొర పాలేంటక్కా, నిండా పోయాల!" అంటూ పచ్చయమ్మ తన ఇంట్లోంచి ఇంకో డబ్బా తెచ్చి, అంచుదాకా పోసేసింది.

సరిగ్గా అప్పుడు సందు మొగలో బస్సు ఆగింది.

పచ్చయమ్మ పరుగెత్తింది. బస్సులోంచి ఇరవై ముగ్గురు దిగారు. ముందు పెళ్ళికూతురు మేనమామ లెచ్చుమనన్, నల్ల కళ్ళద్దాలు, తెల్ల చొక్కా. అతని చెయ్యి పట్టుకుని తర్షిణి నాయనమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, పట్టుచీరలో. వాళ్ళకు ఎదురుగా మామిడాకులు కట్టి, దండ వేసి, పాలు పొయ్యి మీద పెట్టిన వ్యాను కనబడింది.

లెచ్చుమనన్ ఆగిపోయాడు. పెళ్ళయ్యాక పిల్లను వేరు కాపురం పెట్టించాలని అతనే పట్టుబట్టాడు. "కొత్త ఇల్లు తయారైపోయింది, పాలు పొంగించడమే తరువాయి" అని పచ్చయమ్మ పోయిన వారమే ఫోనులో మాటిచ్చింది. ఆ ఇల్లు తెలుక్ ఇంటాన్‌లో ఉంది. ఆ సంగతి చెప్పాల్సిన పచ్చయమ్మ, తాంబూలం పళ్ళెం మరిచిపోయి దానికోసం లోపలికి పరుగెత్తింది. కుగన్ గదిలో కొత్త చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు.

నాయనమ్మ వ్యాను దగ్గరకు వచ్చి తమిళంలో అడిగింది. పోలయ్యకు ఆ భాష తెలుగంత బాగానూ వచ్చు.

"కొత్త ఇల్లు ఇదేనా తంబీ?"

మూడేళ్ళలో ఎవరూ పోలయ్యను వ్యాను గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అతని ముఖం వెలిగిపోయింది.

"ఇదే పాటీ! రండి, లోపలికొచ్చి చూడండి! అందరూ రండి!"

అందరూ వచ్చారు. నాయనమ్మ, లెచ్చుమనన్, పెళ్ళికూతురి తల్లి, ఆవిడ వెనక పిన్నులు, అత్తలు. వ్యానులో పదకొండు మంది పట్టారు. అచ్చమ్మను జనం వెనక్కి నెట్టి నెట్టి మంచం చివరకు చేర్చారు.

"ఎవరు కట్టారు దీన్ని?" అన్నాడు లెచ్చుమనన్.

"జపానువాళ్ళు మొదలెట్టారు. మిగతాదంతా నా చేతిపనే."

"కింద చక్రాలున్నాయి?"

"చక్రాలు లేకపోతే ఎలా పోతారు?"

"ఎక్కడికి పోతారు?"

"ఎక్కడికైనా! ఇవాళ ఇక్కడ, రేపు కామెరన్ కొండ మీద. ఒకేచోట పడి ఉండాలని ఏముంది?"

లెచ్చుమనన్ నల్ల కళ్ళద్దాలు తీశాడు. "అంటే, ఒక అడ్రసంటూ ఉండదు."

"నంబరు ప్లేటుంది కదా" అన్నాడు పోలయ్య ఉత్సాహంగా. "ఈ బల్ల మడిస్తే పడక. ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. ఒకరు పక్కకు తిరగాలంటే రెండోవాళ్ళకి ముందే చెప్పాలి, అంతే."

"స్నానం?" అంది పెళ్ళికూతురి తల్లి.

"దారిపొడుగునా పెట్రోలు బంకులే కదమ్మా!"

"పిల్లలు పుడితే ఎక్కడ పడుకుంటారు?" అని అడిగింది నాయనమ్మ.

పోలయ్య పగలబడి నవ్వాడు. తను, అచ్చమ్మ అతని కళ్ళ ముందు మెదిలారు.

"ఇంకేం పిల్లలు పాటీ! ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది!"

వ్యానులో ఎవరూ నవ్వలేదు. కిటికీలోంచి, గుండీలు సరిగా పెట్టుకోని ఇరవై ఎనిమిదేళ్ళ కుగన్ ఇంట్లోంచి బయటికి వస్తూ కనబడ్డాడు. పదకొండు మంది అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూశారు. పెళ్ళికూతురి తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. లెచ్చుమనన్ వ్యాను దిగి, పళ్ళెంతో వస్తున్న పచ్చయమ్మ మీదికి నేరుగా నడిచాడు.

లోపల అచ్చమ్మకు జనం తలల మధ్య నుంచి గిన్నె కనబడింది.

"పాలు!" అని అరిచింది. "పాలు సూడండి! పాలు!"

ఈ అరుపును అక్కడున్నవాళ్ళు పాలు పొంగే శుభ ఘడియకు పిలుపు అనుకున్నారు. ఎంత దుఃఖంలో ఉన్నా మర్యాద మర్యాదే. అందరూ పొయ్యి వైపు తిరిగి చేతులు జోడించారు. పాలు వాళ్ళ కళ్ళ ముందే నిండుగా, నురగలు కక్కుతూ పొంగాయి. తూర్పుకే పొంగాయి. అంతవరకూ శుభమే.

తువ్వాలు తడిసింది. తువ్వాలు కింది పెట్టె తడిసింది. "చిట్" మని చిన్న చప్పుడు. తర్వాత, ఎవరో నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు, వ్యాను కప్పు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది.

బయట లెచ్చుమనన్ పచ్చయమ్మ ముందు నిలబడి, వేలు చూపించి అరుస్తున్నాడు. "మా పిల్లని దీంట్లో పెట్టాలనుకున్నారా? మాకేం గతి లేదనుకున్నారా? మా పిల్ల కాపురం..."

కాపురం అన్న మాట దగ్గర వ్యాను కప్పు టెంటు గుడ్డను తాకింది. గుడ్డ ఒక పక్కకు ఎత్తుకుంది. రాత్రి కురిసిన వానంతా రెండో పక్కకు జారి, లెచ్చుమనన్ మీద ఒక్కసారిగా పడింది. అతను నోరు తెరిచే ఉన్నాడు.

టెంటు కాళ్ళు రెండు నేల విడిచాయి. ఇంతలో వ్యాను పక్కనుంచి గుడ్డ పందిరి కూడా చాచుకోవడం మొదలైంది. దానికి అడ్డంగా, అరిటాకులు పరిచి, పళ్ళూ మిఠాయిలూ తమలపాకులూ పేర్చిన తాంబూలం బల్ల ఉంది. పందిరి తొందరపడలేదు. బల్లను పెళ్ళిపెద్దలా నిదానంగా నడిపించుకుంటూ వెళ్ళి కాలవలో దింపింది. లోపల పాలకు పొయ్యి ఆరిపోయి, గ్యాసు వాసన వేసింది. అప్పుడు ఆ ఉదయమే బిగించిన అలారం మోగింది. మూడేళ్ళలో పోలయ్య అమర్చిన వాటిలో అనుకున్న సమయానికి, అనుకున్న పని చేసింది అదొక్కటే.

ఈ గోలలో జపాను ఆడగొంతు కూడా మేలుకుని ఏదో మర్యాదగా చెప్పింది. నాయనమ్మ ఆ వైపు తిరిగి, "సరేనమ్మా, దిగుతున్నాం" అని అంతే మర్యాదగా జవాబిచ్చింది.

అందరూ అరుస్తున్నారు. పని చేసింది అచ్చమ్మ ఒక్కతే. మంచం చివర చిక్కుకున్నది చిక్కుకున్నట్టే, వెనక తలుపు తన్ని తెరిచి, ఆ పక్కనే ఉన్న సిలిండరు మర తిప్పి కట్టేసింది. నాయనమ్మను రెండు చేతులా పట్టుకుని దింపింది. మోకాళ్ళ సంగతి ఆమెకు గుర్తే లేదు. బస్సు డ్రైవరు సెల్లప్పన్ అప్పటికే బోంబాకు, అంటే ఫైరింజనువాళ్ళకు, ఫోను చేశాడు. పావుగంటలో ఎర్రబండి గంట కొట్టుకుంటూ సందులోకి వచ్చింది.

బోంబా అధికారి హెల్మెట్ సర్దుకుని, "ఇందులో ఉండేది ఎవరు?" అని మలయ్‌లో అడిగాడు.

పెళ్ళికూతురి వైపువాళ్ళంతా కుగన్‌ను చూపించారు. పెళ్ళికొడుకు వైపువాళ్ళంతా పోలయ్యను చూపించారు.

"నేనా?" అన్నాడు కుగన్. "నేనెందుకుంటాను? మామా, మా ఇల్లు తెలుక్ ఇంటాన్‌లో ఉంది. సిమెంటు ఇల్లు!"

లెచ్చుమనన్ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "చక్రాలు?"

"లేవు మామా."

"స్నానాల గది?"

"రెండున్నాయి."

లెచ్చుమనన్ అక్కడే ఒక తడి కుర్చీలో కూలబడి, దేవుడికి దండం పెట్టాడు. మామూలుగా అయితే అతను ఆ ఇంటి గదుల కొలతలు, కాలవ వాలు, ఎదురింటి కుక్క, అన్నీ అడిగి తెలుసుకునే రకం. ఇప్పుడు కదలని ఇల్లు ఏదైనా అతనికి రాజభవనమే. పెళ్ళికూతురి తల్లి ఏడుస్తూనే నవ్వింది. బస్సులో కూర్చుని కిటికీలోంచి అంతా చూసిన తర్షిణి మాత్రం, నవ్వి నవ్వి కాటుక కార్చుకుని, రెండోసారి ముస్తాబు కావలసి వచ్చింది.

అధికారి బ్యాటరీ వైర్లు పీకేశాడు. అలారం ఆగింది. గొంతు ఆగింది. కప్పు మాత్రం దిగలేదు, మోటారు కాలిపోయింది. అతను వ్యాను చుట్టూ తిరిగి, టెంటు పైకి చూసి, పోలయ్యతో మలయ్‌లో అన్నాడు:

"అంకుల్, టెంటు ఇప్పుడు మీ బండి మీదే నిలబడి ఉంది. బండి కదిపితే జనం మీద పడుతుంది. ఫంక్షన్ అయిపోయి, టెంటువాళ్ళు వచ్చి విప్పేదాకా దీన్ని కదపొద్దు."

మూడేళ్ళ తయారీ తర్వాత ఆ వ్యాను ఒక టెంటుకు గుంజ అయింది. దాని నీడలోనే తాంబూలాలు మార్చుకున్నారు.

అందరూ భోజనాలకు లేచాక, పోలయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని భార్య దగ్గరకు వచ్చాడు. అచ్చమ్మ ఇంటి మెట్టు మీద కూర్చుని ఉంది. సంచీ పక్కనే ఉంది.

"రొండు రోజులు అచ్చీ. పెట్టె ఇప్పి ఆరబెట్టి, మోటారుకి చెప్పి పంపితే... వచ్చే ఆదివారం..."

అచ్చమ్మ అతని వైపు చూడలేదు. అక్కడ చెయ్యి కడుక్కుంటున్న నాయనమ్మను చూస్తూ, తమిళంలో పలకరించింది.

"పాటీ, కెడాలో ఏ ఊరు మీది?"

"కులిమ్ అమ్మా. మార్కెట్టు వెనక వీధి."

అచ్చమ్మ లేచి నిలబడింది. నేరుగా సెల్లప్పన్ దగ్గరకు నడిచింది. అతను పళ్ళు కుట్టుకుంటూ బస్సుకు ఆనుకుని ఉన్నాడు.

"సీటుందా తంబీ?"

"ఒకటే ఉందక్కా. నా పక్క సీటు. కాళ్ళు చాపుకోవచ్చు."

వెనకే వచ్చిన పోలయ్యకు ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. కాళ్ళు చాపుకోవడం కోసమే అతను మూడేళ్ళు కష్టపడ్డాడు.

"నానూ వస్తాను. కింద కూకుంతాను" అన్నాడు.

"నువ్వు వద్దన్నా" అన్నాడు అటుగా వచ్చిన లెచ్చుమనన్, జుట్టు తుడుచుకుంటూ. కోపం లేదు అతని గొంతులో, భయం ఉంది. "నువ్వు ఏదీ ముట్టుకోకుండా ఇక్కడే ఉండు. ఆ టెంటు ఇంకా పడలేదు."

అచ్చమ్మ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది.

"నిన్నొక్కడినే అనను మావా. నాది కూడా తప్పే. పదకొండుపాలి సంచీ సర్దినాను. ఒక్కపాలి దాన్ని పట్టుకుని రోడ్డెక్కి ఉంటే ఎవులు ఆపినారు? నువ్వు ఎల్దామన్నావు, నాను నమ్మినాను. నమ్మి కూకోడం కూడా బద్దకమే."

"కూర సల్లబెట్టెలో ఉన్నాది, వేడి సేసుకో" అని కూడా చెప్పి, ఎక్కింది.

రెండింటికి బస్సు కదిలింది. టెంటువాళ్ళు నాలుగింటికి వచ్చి, వ్యాను చుట్టూ కమ్మీలు విప్పి తీసుకుపోయారు. సందులో, ఎండలో, కప్పు పైకి లేపుకుని, మామిడాకుల తలుపుతో వ్యాను ఒంటరిగా మిగిలింది. పోలయ్య దాని మెట్టు మీద కూర్చున్నాడు. లోపలంతా మాడిన పాల వాసన. కాలిన పెట్టెను విప్పాలని చెయ్యి పోయింది. విప్పలేదు.

ఐదున్నరకు ఫోను మోగింది.

"చేరినావా?"

"చేరినాను. మూడు గంటల పైన కొంచెం పట్టినాది. రోడ్డు బాగుంది."

"మోకాళ్ళు?"

"బాగున్నాయి."

పోలయ్యకు ఇక నాగవల్లి సంగతి అడగక తప్పదు. "అప్పకి... కనబడినావా?"



"కిటికీ కాడ ఎలుతురులో కూకోబెట్టినాను మావా. ముఖం దగ్గరగా ఎట్టినాను. 'తెల్లగా ఏదో కదులుతున్నాది, నువ్వేనేటే?' అన్నాది. పోయిన దీపావళి దాకా మనుషుల ముఖాలు ఆనేవంట. అప్పుడొచ్చి ఉంటే కనబడేదానివే అన్నాది. ఇప్పుడు సేత్తో తడిమి సూసుకుంది. ముక్కు మాయమ్మ ముక్కేనంట. నవ్వినాది."

అవతల ఏదో గలాటా, ఫోను చేతులు మారింది. నాగవల్లి గొంతు, ఎప్పటిలాగే గట్టిగా వినబడింది.

"పోలయ్యా! బండి బాగా తయారు సేసినావంట గదా! అచ్చి అంతా సెప్పినాది. కప్పు కూడా లేస్తాదంట!"

"లేస్తాదప్పా" అన్నాడు పోలయ్య.

"నాకు కనబడదు గానీ, ఓపాలి తీసుకురా. నాను కూడా తడిమి సూస్తాను."

"వచ్చే..." అని మొదలుపెట్టాడు పోలయ్య. మూడేళ్ళుగా ఆ మాట తర్వాత వారం అన్న మాట దానంతటదే వచ్చేది. ఈసారి రాలేదు. "రేపు వస్తానప్పా. బస్సులో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి, ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో అమ్మకపు బోర్డు రాసి వ్యాను అద్దానికి ఆనించి, కులిమ్ బస్సు దొరికే తెలుక్ ఇంటాన్‌కు బస్సు ఎక్కాడు.

బోర్డు మీద రాసిందాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు: "ఇంపోర్టెడ్ క్యాంపర్ వ్యాను. లోపల అన్ని హంగులూ కొత్తవే. ఎక్కడికీ వెళ్ళలేదు."